తల్లుల అవగాహన లేమి అని రాయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ పత్రిక జిల్లా పేజీలో రక్తహీనత మీద ఒక వార్త వేశారు. గర్భిణులకు, పిలకాయలకు రక్తం తక్కువగా ఉంటోందని, ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలు చాలా ఇళ్లలో డబ్బాల్లోనే ఉండిపోతున్నాయని, అంగన్‌వాడీ గుడ్డు తినాల్సిన మనిషి తినడం లేదని రాశారు. అదంతా నిజమే, నేను కాదనను. కానీ దాని మీద పెద్ద అక్షరాలతో ‘తల్లుల అవగాహన లేమే కారణం’ అని పెట్టారు. ఆ నాలుగు మాటలు చదివి నాకు చాలా బాధేసింది. మా వీధి చివర టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన అదే పేపరు పట్టుకుని, “సెల్లు చూసేదానికి ఉండే తీరిక బిడ్డను చూసుకునేదానికి లేదు ఈ కాలం ఆడోళ్లకి” అని పక్కాయనతో చెప్తా ఉంటే విన్నాను. ఆయనకు ఇద్దరు మనవళ్లు. వాళ్లలో ఒక్కడి బరువెంతో కూడా ఆయనకు తెలిసి ఉండదని నేను గట్టిగా చెప్పగలను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా వేయమని మనవి. నా పేరు మాత్రం వేయకండి, ఇందులో నేను చెప్పే ఇళ్లవాళ్లు ఇబ్బంది పడతారు.

నేను 1988లో ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా చేరి 2020లో రిటైరయ్యాను. మొదటి 14 ఏళ్లు కలిగిరి, వింజమూరు వైపు మెట్ట పల్లెల్లో, తర్వాతంతా అల్లూరు, బోగోలు వైపు సముద్రం ఒడ్డున చేశాను. జనం నన్ను నర్సమ్మా అని పిలిచేవాళ్లు, పిలకాయలు సూదమ్మ వచ్చిందని పారిపోయేవాళ్లు. రైతుల ఇళ్లు, ఎస్సీ కాలనీలు, యానాదుల కాలనీలు, మత్స్యకారుల పాలేలు, ముస్లింల వీధులు అన్నీ తిరిగాను. ఒక్క జిల్లాలోనే బిడ్డను పెంచే తీరు నాలుగు మైళ్లకొక రకంగా ఉంటుంది. బిడ్డను ఎవరు ఎత్తుకోవాలి, నీళ్లు ఎవరు పోయాలి, జ్వరం వస్తే మొదట ఎవరి దగ్గరికి పోవాలి, బాలింత ఏం తినాలి, మొగుడు ఆ గదిలోకి రావచ్చా రాకూడదా, అన్నీ మారిపోతాయి. తేడా వస్తే మాట పడేది మాత్రం ఎక్కడైనా తల్లే.

అవగాహన లేదన్నారు గనక ఇది చెప్పాలి. 1992లో నేను కలిగిరి వైపు ఉన్నప్పుడే దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. వాళ్లంతా రాత్రి బడుల్లో పలక పట్టుకుని అక్షరాలు దిద్దుకున్నవాళ్లు. పగలంతా కూలికి పోయి, వచ్చి వండి, బిడ్డల్ని పడుకోబెట్టి, అప్పుడు పుస్తకం ముందు కూర్చునేవాళ్లు. అక్కడ రాజుకున్న పోరు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ప్రభుత్వం మెడలు వంచిన ఆ పల్లెల్లోనే, ఒక ఐరన్ మాత్ర మింగాలంటే ఆడమనిషి అత్త ముఖం వైపు, మొగుడి ముఖం వైపు చూడాల్సి వచ్చేది. నా కళ్లతో చూసిందే రాస్తాను.

వింజమూరు వైపు ఒక పల్లె. ఆ అమ్మాయికి రెండో కాన్పు, ఆరో నెల. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8.2 గ్రాములు వచ్చింది. గర్భిణికి కనీసం 11 ఉండాలి, 7 లోపుకు పడితే ప్రాణం మీదికి వస్తుంది. మాత్రలు ఇచ్చి నెలన్నర అయినా ప్యాకెట్టు విప్పకుండా తాలింపు డబ్బా వెనకాల అట్టనే ఉంది. ఆ రోజు జోరువాన పట్టుకుంది. బస్సు రాదని మధ్యాహ్నం భోజనానికి వాళ్లింట్లోనే ఉండిపోయాను. కోడిగుడ్ల పులుసు చేశారు. ఇంట్లో ఏడుగురు, నాతో ఎనిమిది మంది, గుడ్లు నాలుగు. మామకు, మొగుడికి, మరిదికి ఒక్కొక్కటి వేశారు. మిగిలిన ఒక్కదాన్ని ఆ అమ్మాయి, దారం పోగు తెంచి, ఒక కొన పంటితో పట్టుకుని, పచ్చసొన చెదరకుండా సరిగ్గా సగానికి కోసింది. ఒక చెక్క పెద్దపాపకు, ఒక చెక్క చుట్టాన్ని గనక నాకు. అందరూ తిని లేచినాక వంటింట్లో గరిట గిన్నెను గీకే చప్పుడు వినపడింది. ఆమె అన్నానికి కూర్చుందని ఆ చప్పుడుతోనే తెలిసింది. నా చెక్క నేను తినలేక, తీసుకెళ్లి ఆమె కంచంలో పెట్టాను. అత్త వైపు ఒకసారి చూసి, తీసి పాప నోట్లో పెట్టేసింది.

మాత్రలు ఎందుకు వేసుకోలేదమ్మా అని అడిగాను. బిడ్డ నల్లగా పుడుతుందని అత్త వద్దన్నదంట. ఐరన్ వేసుకుంటే విరోచనం నల్లగా అవుతుంది, అది చూసి పుట్టిన అనుమానం ఇది. నేను విడమరిచి చెప్పబోతే ఆ అమ్మాయి మెల్లగా, “నాకు తెలుసు నర్సమ్మా, మొదటి బిడ్డప్పుడు మీరే చెప్పినారు గదా, ఆమెకు చెప్పండి” అనింది. అత్తకు చెప్పాను. “నాదేముందమ్మా, మావోడు ఊఁ అంటే ఏసుకోమను” అనింది. ఆ ‘మావోడు’ అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తా ఉన్నాడు. అతని దగ్గరికి పోయాను. “అయ్యి ఆడోళ్ల ఇసయాలు గదమ్మా, నాకేం తెలస్తది” అన్నాడు.

చూశారా అండీ. తెలిసిన మనిషి చేతిలో నిర్ణయం లేదు. నిర్ణయం చేతిలో ఉన్న మనిషి నాకు తెలియదని పక్కకు జరిగాడు. అతను చెడ్డవాడు కాదు, భార్యను కొట్టే రకం కాదు, తాగడు. అతన్ని అప్పటిదాకా ఎవరూ అడగలేదు, అంతే. నాలుగేళ్లుగా ఆ ఊరికి పోతూ నేనూ అడగలేదు. ఆ రోజు అతని చేతికే మాత్రలు ఇచ్చి, “రాత్రి పడుకోబోయే ముందు నువ్వే ఆమె చేతిలో పెట్టాలి, నిమ్మకాయ నీళ్లతో ఇయ్యి, టీతో మాత్రం వద్దు, వేసుకున్న రోజు క్యాలెండర్ మీద గీత గియ్యి” అని చెప్పి వచ్చాను. రెండు నెలల తర్వాత పోతే క్యాలెండర్ నిండా గీతలున్నాయి. మధ్యలో మూడు రోజులు లేవు, ఆ మూడు రోజులూ పొగాకు బేరానికి ఊరు పోయానని తనే సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆమెకు రక్తం 9.9 అయింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఇంతమందికీ తెలివి తక్కువేనా? వాళ్ల ఇళ్లల్లో మగవాళ్లెవరూ లేరా? మీ వార్తలో వాళ్ల ఊసే లేదు.

ఇక నమ్మకాల సంగతి. మీ వార్తలో మూఢనమ్మకాలు అని ఒక్క మాటలో తేల్చేశారు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో అట్లాగే అనేదాన్ని. ట్రైనింగులో అదే నేర్పారు. కానీ పోను పోను తెలిసింది, మన పెద్దవాళ్లు చెప్పినవన్నీ ఒక గాటన కట్టేసేవి కావు. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం, పదకొండు రోజులు పురిటింట్లోకి బయటి మనుషుల్ని రానివ్వకపోవడం, నూనె రాసి వేడినీళ్లు పోయడం, నెలల తరబడి బరువు పని చెప్పకపోవడం, ఇవన్నీ బాలింతను కాపాడే కట్టుబాట్లే. కొన్ని మాత్రం ప్రాణం తీసేవి ఉండేవి. ముర్రుపాలు పిండి పారబోయడం అట్లాంటిది. ఆవు ఈనితే జున్నుపాల కోసం ఇల్లిల్లూ గిన్నెలు పంపిస్తారు. కన్నతల్లి మొదటి పాలు మాత్రం చెడ్డవని పారబోసి, బిడ్డ నోట్లో ఆముదం, తేనె, పంచదార నీళ్లు వేసేవాళ్లు. బొడ్డుకు బూడిద అద్దేవాళ్లు. ఆ చేతులతోనే ధనుర్వాతం వచ్చేది. పుట్టిన బిడ్డలకు, తల్లులకు వచ్చే ఆ జబ్బు మన దేశంలో లేకుండా చేశామని 2015లో ప్రకటించారంటే, ఇంటింటికీ తిరిగి గర్భిణులకు సూదులు వేసిన నాలాంటి నర్సమ్మలూ, మా మాట విని కొత్త బ్లేడు చేతపట్టిన ఊరి మంత్రసానులూ దాని వెనక ఉన్నారు.

బాలింతకు నీళ్లు ఇవ్వకపోవడం ఇంకొకటి. రోహిణి కార్తె ఎండల్లో ఒక ఇంటికి పోతే, తలుపులు మూసి, మంచం కింద కుంపటి పెట్టి, చెవుల్లో దూది కుక్కి ఉంచారు. అప్పటికి ఐదో రోజు. రోజుకు రెండు గుక్కల నీళ్లే ఇస్తున్నారు. తాగితే పొట్ట జారుతుందని, బిడ్డకు పడిశం పడుతుందని భయం. అమ్మాయి పెదాలు పగిలిపోయి ఉన్నాయి, పాలు తగ్గిపోయాయి, బిడ్డ పొద్దుటి నుంచి ఉచ్చ పోయలేదు. కొత్తలో అయితే వాళ్లమ్మను తిట్టేసి ఉండేదాన్ని. ఆ రోజు తిట్టలేదు. “అక్కా, పచ్చి నీళ్లు వద్దులే. వాము, జీలకర్ర వేసి మరగబెట్టి, గోరువెచ్చగా గంటకొక గ్లాసు మందు మాదిరి పట్టు” అన్నాను. మందనేసరికి ఆమె ముఖం వెలిగింది. వాతానికి కూడా మంచిదేనా అని అడిగి, వెంటనే పొయ్యి రాజేసింది. సాయంత్రానికి బిడ్డ రెండుసార్లు గుడ్డ తడిపింది. ఆ తల్లికి తెలియక కాదు, కూతురి మీద ప్రేమ లేకా కాదు. తనను తన తల్లి ఎట్లా బతికించుకుందో అట్లాగే బతికించుకోవాలని చూసింది. బయట అరుగు మీద ఆ బిడ్డ తండ్రి కూర్చుని ఉన్నాడు, అత్తగారి ఊరికి చూడ్డానికి వచ్చినవాడు. పురుడు తీరేదాకా లోపలికి రాకూడదంట. “ఏంది నర్సమ్మా, బాగుండారా ఇద్దరూ?” అని కిటికీలోంచి అడిగాడు. తన బిడ్డకు దాహం వేస్తోందని అతనికి కిటికీ బయటి నుంచి ఎట్లా తెలుస్తుంది?

తర్వాత సముద్రం ఒడ్డుకు బదిలీ అయింది. అక్కడ నేను నేర్పిందానికంటే నేర్చుకున్నది ఎక్కువ. పాలెంలో మగవాళ్లు తెల్లవారుజామున వేటకు పోతారు. వాళ్లు తెచ్చిన చేపలు గంపల్లో పెట్టుకుని ఆడవాళ్లు బస్సుల్లో, ఆటోల్లో కావలికీ చుట్టుపక్కల పల్లెలకూ అమ్మకానికి పోతారు. డబ్బు లెక్క ఆడవాళ్ల చేతుల్లోనే ఉంటుంది. మరి చంటిబిడ్డలు? వేట నుంచి వచ్చినవాళ్ల దగ్గరా, వేటకు పోలేని ముసలివాళ్ల దగ్గరా ఉంటారు. ఒక తాత ఉండేవాడు. వేపచెట్టు కింద కూర్చుని వల బాగుచేసుకుంటా, చీరతో కట్టిన ఉయ్యాలకు తాడు కట్టి, ఆ తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతా ఉండేవాడు. చేతులు వల మీద, కాలు ఉయ్యాల మీద. మగోడివై ఇదేం పనని ఆ పాలెంలో ఎవరూ నవ్వడం నేను చూడలేదు.

ఆ ఉయ్యాలలో ఉన్న మనవరాలికి ఒకసారి విరోచనాలు పట్టుకున్నాయి. పళ్లొచ్చే విరోచనాలులే, నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని చుట్టుపక్కల వాళ్లు అన్నారంట. నేను ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఇచ్చి లీటరు నీళ్లలో కలపమన్నాను. అదే మాట నేను వేలమందికి చెప్పి ఉంటాను. ఆ తాత మాత్రం లోపలికి పోయి ఖాళీ లీటరు బాటిల్ తెచ్చి, “ఇది సరిగ్గా లీటరేనా, మెడ దాకా పోయాల్నా, కింది దాకానా?” అని అడిగాడు. కలిపినాక ఎంతసేపు ఉంచొచ్చని అడిగాడు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోవాలని చెప్తే, బాటిల్ మీద బొగ్గుతో టైము రాయించాడు. విరోచనాలు కట్టినా జింక్ మాత్ర 14 రోజులూ వేయాలంటే, వల తాడుకు 14 ముడులేసి, రోజుకొకటి విప్పాడు. ఆ మనిషికి సంతకం పెట్టడం రాదు. బిడ్డ తన చేతిలో ఉంది గనక అన్నీ అడిగాడు, అంతే.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో టీకాలకు బిడ్డల్ని తీసుకొచ్చేది ఎక్కువగా తండ్రులే. బిడ్డ ఏడిస్తే తువ్వాలు కప్పుకుని భుజాన వేసుకుని, ఇసుకలో అటూ ఇటూ తిరిగేవాళ్లు. ఒక ఏడాది పోలియో చుక్కలకు కొన్ని ఇళ్లవాళ్లు వెనకాడితే పాలెం పెద్దలు దురాయి వేశారు, అంటే ఎవరూ మీరకూడని కట్టడి పెట్టారు. ఒక్క పూటలో బిడ్డలందరూ వచ్చేశారు. 1995లో మొదలైన పల్స్ పోలియోతో 2014లో మన దేశానికి పోలియో లేని దేశమన్న గుర్తింపు వచ్చింది. మా పాలెంలో మగవాళ్లు పట్టించుకోకపోతే నా సంచిలోని చుక్కల్లో సగం మిగిలిపోయేవే. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యానాది కుటుంబాల్లోనూ ఇట్లాగే చూశాను. భార్యకు జ్వరమని, పసిబిడ్డను భుజాన వేసుకుని గట్ల వెంట నడిచొచ్చి, “మూడో సూదమ్మా దీనికి, పద్నాలుగో వారం” అని లెక్క చెప్పిన తండ్రి నాకు ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు ఒక సామెత గురించి చెప్పాలి. మనవైపు పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది: ఎరుకలది కంటే ఎరుకలవాడు ఇంగువ తిన్నట్టు. భార్య బిడ్డను కంటే, బాలింతకు పెట్టాల్సిన ఇంగువ మొగుడు తిన్నాడని. ఒకరు కష్టపడితే ఇంకొకరు అనుభవించారని ఎత్తిపొడవడానికి వాడతారు. ఒకసారి ఆరోగ్య కేంద్రం వరండాలో నొప్పులు పడుతున్న భార్య నడుము రుద్దుతా కూర్చున్న ఒక ఎరుకల కుర్రవాణ్ణి చూసి, పక్కనున్న మగవాళ్లు ఈ సామెత అని నవ్వారు. ఆ కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాకు కడుపు రగిలిపోయింది. తర్వాత తెలుసుకున్నాను, ఆ సామెత వెనక నిజంగా ఒక ఆచారం ఉండేది. 1874లోనే ఒక మిషనరీ దాన్ని రాసిపెట్టాడు. భార్యకు నొప్పులు మొదలవగానే భర్త ఆమె చీర కట్టుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాడంట. బిడ్డ పుట్టగానే కడిగి అతని పక్కన పడుకోబెట్టేవాళ్లు. ఇంగువ, బెల్లం అతనికే పెట్టేవాళ్లు. ఆ ఇంగువ తల్లికే పెట్టి ఉండాల్సిందని నేనూ అంటాను. కానీ భార్య నొప్పిని తన ఒంటి మీదికి తెచ్చుకోవాలని, బిడ్డకు పట్టే పీడ ఏదైనా ఉంటే తనను పట్టనీ అని ఒక మగవాడు చీర కట్టుకుని పడుకున్నాడంటే, అందులో నవ్వడానికేముంది? మనం ఆ మనుషుల్ని ఎగతాళి చేసి, ఆ సామెతను పిల్లలకు నేర్పాం.

మా చెల్లెలి కొడుకు స్వీడన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్లకు బిడ్డ పుడితే చెల్లెలు సాయానికి పోయింది. పదిరోజులకే ఫోన్ చేసి ఏడ్చింది. “అక్కా, వాడే నీళ్లు పోస్తా ఉండాడు, వాడే గుడ్డలు మారస్తా ఉండాడు, నన్ను చెయ్యి పెట్టనియ్యడు, నా కొడుక్కి ఈ కర్మేంది” అని. అక్కడ 1974 నుంచీ బిడ్డ సెలవు తల్లికీ తండ్రికీ కూడా ఉంది. ఇప్పుడు మొత్తం 480 రోజులు, అందులో 90 రోజులు తండ్రివే. ఆయన వాడుకోకపోతే పోతాయి, తల్లికి కూడా ఇవ్వరు. పైగా చల్లగాలి బిడ్డకు మంచిదని, వెచ్చగా చుట్టి బండిలో పెట్టి బయట నిద్రపుచ్చుతారంట. చెల్లెలు అది చూసి తట్టుకోలేకపోయింది. మనం నడివేసవిలో చెవుల్లో దూది పెడతాం, వాళ్లు మంచులో ఆరుబయట పడుకోబెడతారు. ఎవరి నమ్మకం వాళ్లకుంది, బిడ్డలు అక్కడా పెరుగుతున్నారు, ఇక్కడా పెరుగుతున్నారు. నేను చెల్లెలికి ఒకటే చెప్పాను: వాడు బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు పక్కన కూర్చుని, మెడ కింద చెయ్యి ఎట్లా పెట్టాలో చూపించు. తర్వాత నెలకు వీడియో కాల్‌లో చూపించింది. అమ్మమ్మ మాకు నేర్పిన మాదిరిగానే, కాళ్లు చాపుకుని కూర్చుని, కాళ్ల మీద బిడ్డను పడుకోబెట్టుకుని నూనె రుద్దుతా ఉన్నాడు వాడు, అంత దూరదేశంలో.

మన దగ్గర 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, మంచిదే. తండ్రికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే 15 రోజులు ఇస్తారు. ప్రైవేటులో పనిచేసేవాడికి ఒక్క రోజు ఇవ్వాలన్న చట్టం కూడా లేదు. కూలికి పోయేవాడి సంగతి చెప్పనక్కర్లేదు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ కాన్పు గదిలో తల్లికి తోడుగా ఒక మనిషిని ఉండనివ్వమని, మరుగు ఉండే ఏర్పాటు ఉన్నచోట భర్తను కూడా రానివ్వొచ్చని చెప్పింది. నేను చూసిన ఆసుపత్రుల్లో మాత్రం తలుపు మీద ‘మగవారికి ప్రవేశం లేదు’ అన్న బోర్డే ఉండేది. ఒకే హాల్లో ఐదు మంచాలు వేసి, మధ్యన ఒక్క తెర కూడా లేకుండా ఎవరి భర్తనైనా ఎట్లా రానిస్తారు? ఆ తెరలకు డబ్బులు ఇవ్వండని ఎన్నిసార్లు అడిగినా కదలిక లేదు. ఇట్లాంటివి కదా మీరు రాయాల్సింది.

టీకాల రోజు బుధవారం, శనివారం. పొద్దున పది గంటలకు మొదలవుతుంది. ఆ టైముకు మగవాళ్లు పొలంలోనో, చెన్నై పనుల్లోనో ఉంటారు. తల్లీబిడ్డ కార్డు మీద మేము రాసుకునే ఫోన్ నంబరు చాలా ఇళ్లలో మొగుడిదే, ఎందుకంటే ఫోన్ ఆయన దగ్గర ఉంటుంది. సూది తేదీ మెసేజ్ ఆయనకే పోతుంది. ఆయన చూసి, ఇంట్లో చెప్పడు. సూది తప్పితే నర్సమ్మ వచ్చి ఆమెను అరుస్తుంది. నేనూ అరిచాను, ఎన్నోసార్లు. నెలకొక్క సాయంత్రం, పనుల నుంచి జనం వచ్చే వేళకు ఆరోగ్య కేంద్రం తెరవమని, ఆ రోజు తండ్రి వస్తేనే బిడ్డ బరువు తూచి కార్డు ఆయన చేతికి ఇచ్చే పద్ధతి పెట్టమని ఇప్పుడున్న అధికారుల్ని కోరుతున్నాను. అత్తల్ని కూడా పిలవండి, వాళ్లను తిట్టడానికి కాదు, వాళ్లకు తెలిసింది వినడానికి. మీ ఆరోగ్య పేజీలో ‘తల్లులకు సూచనలు’ అన్న శీర్షిక కింద ఇన్నేళ్లుగా వేస్తున్నదాన్ని ఒక్క నెల ‘తండ్రులకు సూచనలు’ అని వేసి చూడండి. విరోచనాలకు నీళ్లు ఎట్లా కలపాలి, బిడ్డ ఊపిరాడక డొక్కలు ఎగరేస్తుంటే ఎంత తొందరగా ఆసుపత్రికి పోవాలి, అవన్నీ వాళ్లకూ పనికొచ్చేవే.

చివరగా ఆపరేషన్ల మాట. నేను చెప్పిన సర్వేలోనే, మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. భర్త చేయించుకున్న వాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మగవాళ్లది కోత, కుట్టు లేని చిన్న పని, పావుగంట పడుతుంది, అదే రోజు ఇంటికి పోవచ్చు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండి, ఒకసారి పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. బరువులెత్తలేడు, మగతనం పోతుంది అన్న భయంలో నిజం లేదు. కానీ ఏ అత్త నోట విన్నా ఒకటే మాట: “మగోడు, కష్టం చేసేవోడు, వాడికి కోతెందుకు?” ఆ కోడలు ఆపరేషన్ అయిన నెలకే బురదలో వంగి నాట్లు వేస్తుంది. అది కష్టం కిందికి రాదు.

32 ఏళ్లలో నేను ఎన్ని వందల మంది ఆడవాళ్లను ఆపరేషన్లకు తీసుకుపోయానో లెక్కలేదు. మగవాళ్లు నలుగురు. ఆ నలుగురిలో మొదటివాడు నా భర్త. 1994లో, మా రెండో బిడ్డ తర్వాత. నాకు ఆపరేషన్ చేయించుకునేంత రక్తం లేదు. ఊరందరికీ మాత్రలు పంచే నాకు అప్పుడు 8.6 ఉండేది, కారణం మీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయనే, నేను చేయించుకుంటాలే అన్నాడు. మూడో రోజున లారీ షెడ్డుకు పనికి పోయాడు. కానీ ఆ సంగతి మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. మా అత్తకు చెప్పలేదు, ఆమె తెలియకుండానే పోయింది. మీటింగుల్లో మగవాళ్ల ఆపరేషన్ గురించి గంటసేపు మాట్లాడి, మా ఆయన చేయించుకున్నాడని ఒక్క మాట అనలేకపోయాను. ఆయన్ని నలుగురూ నవ్వుతారని భయపడ్డాను. నేను ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నలుగురు నలభై మంది అయ్యేవాళ్లేమో అని రిటైరయ్యాక చాలా రాత్రులు అనుకున్నాను.

నా పేరు వేయకపోయినా కావలిలో తెలిసినవాళ్లు ఈ ఉత్తరం చూస్తే ఎవరు రాశారో కనిపెట్టేస్తారు. అందుకని ఈ భాగం రాసేముందు ఆయన్ని అడిగాను. మనవడికి అన్నం కలిపి పెడుతున్నాడు. ముద్ద చేత్తో పట్టుకునే తలెత్తి చూసి, “రాయి. ఎవరైనా అడిగితే నేనే చెప్తాలే” అన్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
కావలి, నెల్లూరు జిల్లా.